రెండో రాత్రి మీకు నిద్ర పట్టాలి

ప్రశ్న: నాకు 38 అడుగుల తెరచాప పడవ ఉంది. పద్నాలుగేళ్లుగా నడుపుతున్నాను, ఎప్పుడూ నేనూ నా భార్యా ఇద్దరమే. ఈసారి మోకాలి ఆపరేషన్ వల్ల ఆమె రాలేకపోతోంది. దాదాపు 1,100 నాటికల్ మైళ్ల ప్రయాణం, తొమ్మిది రోజులు పట్టొచ్చని అంచనా. ముగ్గురు కొత్తవాళ్లు తోడు వస్తామన్నారు. ఒకాయన అరవై దాటినవారు, చిన్నప్పటి నుంచి పందేల్లో పడవలు నడిపిన మనిషి, అనుభవంలో నాకన్నా పైనే. మిగతా ఇద్దరూ భార్యాభర్తలు. నిరుడు శిక్షణ పూర్తి చేశారు కానీ రాత్రిపూట సముద్రం మీద ఎప్పుడూ లేరు. బయల్దేరడానికి ముందు వచ్చే శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నలుగురం కలిసి తిరిగొద్దామనుకుంటున్నాం. ఆ ఒక్క రోజు సరిపోతుందా? ఏమేం చూసుకోవాలి? ఎవరైనా కుదరరనిపిస్తే ఆ మాట ఎలా చెప్పాలి? ఆ పెద్దాయనకి "ఇది చెయ్యండి" అని చెప్పడానికే నాకు నోరు రావడం లేదు.

జవాబు:

సరిపోదండీ. పగటిపూట, మంచి గాలిలో, పొద్దుగూకేసరికి ఒడ్డు చేరతామని తెలిసినప్పుడు అందరూ మంచివాళ్లే, అందరూ పనిమంతులే. మీరు చూడాల్సింది ఆ మనుషుల్ని కాదు. రెండు రాత్రులు నిద్ర చాలక, బట్టలు తడిసి, కడుపులో తిప్పుతుండగా, తెల్లవారుజామున మూడింటికి "లేవండి, మీ వంతు వచ్చింది" అంటే లేచి వచ్చే మనిషిని చూడాలి. శనివారం మధ్యాహ్నం ఆ మనిషి మీ కంటపడడు.

కనీసం 48 గంటలు పెట్టుకోండి, మధ్యలో రెండు రాత్రులు రావాలి. ఒక్క రాత్రి ఎందుకు చాలదంటే, మొదటి రాత్రి ఉత్సాహం మీద గడిచిపోతుంది. కొత్తవాళ్లు పడుకోమన్నా పడుకోరు, నక్షత్రాలు చూస్తూ కాక్‌పిట్‌లోనే కూర్చుంటారు. ఆ నిద్ర బాకీ మర్నాడు మధ్యాహ్నానికి మొదలై, రెండో రాత్రి అర్ధరాత్రి దాటాక వడ్డీతో సహా వసూలవుతుంది. మాటలో విసురు వచ్చేదీ, ముడి తప్పుగా పడేదీ, "పర్లేదులే" అనిపించేదీ అప్పుడే. సముద్రపు వాంతులు కూడా చాలామందికి మొదటి రెండు మూడు రోజులే. అంటే ఈ 48 గంటల్లో మీరు వాళ్ల అధ్వాన్నమైన రోజుల్నే చూస్తారు. మీకు కావలసిందీ అదే.

ఇంకోటి, తేదీ. అసలు ప్రయాణానికి వారం ముందు చేసే పరీక్ష పరీక్ష కాదు. అప్పటికి సెలవులు పెట్టేసి ఉంటారు, సామాను కొనేసి ఉంటారు, ఇంట్లోవాళ్లకి చెప్పేసి ఉంటారు. మీ మనసులో ఏ అనుమానం వచ్చినా సర్దిచెప్పుకుని బయల్దేరిపోతారు. వాళ్లదీ అదే పరిస్థితి. పరీక్షకీ అసలు ప్రయాణానికీ మధ్య నెల రోజులు ఉండేలా చూసుకోండి, కుదరకపోతే కనీసం మూడు వారాలు. ఇంకో మనిషిని వెతుక్కోవడానికీ, పడవలో బయటపడ్డ లోపాలు బాగుచేయించుకోవడానికీ ఆ వ్యవధి కావాలి.

ఇక ఏమేం చూడాలన్న ప్రశ్న. నన్నడిగితే చూడాల్సింది ఒక్కటే: వాళ్లు పైన వాచ్‌లో, అంటే కాపలా వంతులో, ఉండగా మీరు కింద నిద్రపోగలిగారా, లేదా? మిగతావన్నీ ఈ ప్రశ్నకి జవాబు వెతకడంలో భాగాలే. తొమ్మిది రోజుల ప్రయాణంలో నిద్రలేని స్కిప్పర్‌ని, అంటే పడవ బాధ్యత మోసే మనిషిని, మించిన ప్రమాదం పడవ మీద ఇంకోటి ఉండదు. తెరచాప చిరిగితే కుట్టుకోవచ్చు, ఇంజన్ ఆగితే గాలి ఉంది. నాలుగు రోజులు కన్ను మూతపడని మనిషి మాత్రం తీరం దగ్గర దీపాలు తప్పుగా లెక్కపెడతాడు, అంకెలు తారుమారు చేస్తాడు, తాను బాగానే ఉన్నాననుకుంటాడు. మీరూ మీ భార్యా ఇన్నేళ్లూ నడపగలిగారంటే నైపుణ్యం ఒక్కటే కారణం కాదు. ఆవిడ చుక్కాని పట్టుకుంటే మీకు గాఢంగా నిద్రపట్టేది. ఆ నమ్మకం ఈ ముగ్గురి మీద పుడుతుందో లేదో చూడటానికే ఈ రెండు రాత్రులు.

కాబట్టి రాత్రుల్ని ఇలా పంచండి. మొదటి రాత్రి మూడేసి గంటల వాచ్‌లు వేసి, ఒక్కొక్కరితో మీరూ కూర్చోండి. ఎక్కువ మాట్లాడకండి. ఎంతసేపటికోసారి చుట్టూ చూస్తున్నారు, తెరచాప కిందుగా వంగి అవతలి వైపు కూడా చూస్తున్నారా, ఫోన్ వెలుగు కళ్లలో పడనిస్తున్నారా, ఇవి గమనించండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెరిస్తే అదంతా పోతుంది. రెండో రాత్రి మాత్రం మీరు కిందికి వెళ్లి పడుకోవాలి. బట్టలతోనే పడుకోండి, లైఫ్ జాకెట్ పక్కనే పెట్టుకోండి, కానీ పడుకోండి. ప్రతి తాడు చప్పుడికీ తల బయటపెట్టి చూశారంటే పరీక్ష పాడుచేసింది మీరే అవుతారు.

ఇక్కడ నాకు జరిగింది ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒకాయన నాతో పెద్ద ప్రయాణానికి వచ్చాడు. మీలాగే నేనూ ఒక పగలు మాత్రం తిప్పి సరే అన్నాను. కళ్లు మూసుకుని ముడులు వేసేవాడు. అసలు ప్రయాణంలో మూడో రాత్రి నేను కింద పడుకుని ఉండగా, పడక చెక్కలోంచి సన్నగా దడదడ వినిపించింది. అది మా ఇంజన్ కాదు, తెరచాపల మీద పోతున్నాం. పైకొచ్చి చూస్తే ఎదురుగా ఒక ఓడ. ఎర్రదీపం, ఆకుపచ్చ దీపం రెండూ కనిపిస్తున్నాయి. వాటిపైన రెండు తెల్లదీపాలు ఒకదాని మీద ఒకటి నిటారుగా నిలబడి ఉన్నాయి. అంటే దాని ముక్కు తిన్నగా మా మీదికే ఉంది. ఇంజన్ వేసి, కుడివైపు తిప్పి పక్కకి తప్పుకున్నాను. అది వెళ్లిపోయాక దాని అలలకి మా పడవ ఊగుతూంటే ఆయన నెమ్మదిగా అన్నాడు: "చూస్తూనే ఉన్నానండీ. మీరు అప్పుడే పడుకున్నారు కదా, లేపడం ఎందుకని."

ఆయన మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే తప్పు నాదే. ముందు రోజు రాత్రి ఒక చేపల పడవ దీపం చూసి ఆయన నన్ను లేపితే, "దీనికి కూడా లేపాలా?" అన్నాను. ఆ ఒక్క మాట ఆయన మనసులో ఉండిపోయింది.

అందుకే ఎప్పుడు లేపాలన్నది కాగితం మీద రాసి, చార్ట్ టేబుల్ (సముద్ర పటాలు పరిచే బల్ల) దగ్గర అంటించండి. ఓడ దీపం కనిపించి, దిక్సూచిలో చూస్తే ఐదు నిమిషాల తర్వాత కూడా అదే దిక్కున ఉంటే లేపాలి. దిక్కు మారకుండా దగ్గరవుతోందంటే ఢీకొనే దారిలో ఉన్నట్టే. గాలి ఇంత దాటితే లేపాలి, గాలి దిక్కు మారితే లేపాలి, అనుకున్న దీపం అనుకున్న వేళకి కనపడకపోతే లేపాలి, భయం వేస్తే లేపాలి. వ్యవధి ఎంత తక్కువో వాళ్లకి లెక్కకట్టి చూపించండి. 1972 నాటి అంతర్జాతీయ నియమాల ప్రకారం 50 మీటర్లూ అంతకన్నా పొడవైన ఓడ కొయ్య మీది తెల్లదీపం కనీసం 6 మైళ్ల దూరానికి కనపడాలి, ఎర్ర, ఆకుపచ్చ పక్క దీపాలు 3 మైళ్లకి. ఓడ 18 నాట్లతో (అంటే గంటకి 18 నాటికల్ మైళ్లు), మీరు 6 నాట్లతో ఎదురెదురుగా వస్తుంటే ఆ 6 మైళ్లు పావుగంటలో కరిగిపోతాయి. ఎర్ర, ఆకుపచ్చ దీపాలు రెండూ తేలేసరికి మీ చేతిలో మిగిలేది ఏడెనిమిది నిమిషాలే కావచ్చు. వాన ఉంటే అదీ ఉండదు.

ఇక పరీక్ష ప్రయాణంలో మిమ్మల్ని మొదటిసారి లేపినప్పుడు, అది ఎంత చిన్న విషయానికైనా సరే, లేచి పైకి రండి, చూడండి, "మంచిపని చేశారు" అని చెప్పి వెళ్లి పడుకోండి. మిగతా తొమ్మిది రోజులూ వాళ్లు మిమ్మల్ని లేపుతారా లేదా అన్నది ఆ అర నిమిషంలో మీ ముఖం మీద ఆధారపడి ఉంటుంది. వాచ్ మారేటప్పుడు కూడా గమనించండి. పది నిమిషాలు ముందు లేపి, తాగడానికి వేడిగా ఏదన్నా చేతికిచ్చి, గాలి ఎటు, ఏ దీపం ఏ దిక్కున అని చెప్పి, అవతలి మనిషి కళ్లు చీకటికి కుదురుకునేదాకా పక్కన కాసేపు కూర్చునేవాళ్లు ఉంటారు. అలాంటి మనిషికి ముడులు రాకపోయినా పర్లేదు, మీరు నేర్పుకోవచ్చు.

మనిషి నీళ్లలో పడితే ఏం చేయాలన్న అభ్యాసం అందరూ చేస్తారు, కానీ స్కిప్పర్ చుక్కాని దగ్గర నిలబడి చేయిస్తాడు. దానివల్ల స్కిప్పర్‌కి వచ్చని తేలుతుందంతే. మీ పడవలో ముందుగా తెరచాప కొయ్య దగ్గరికి పరిగెత్తేది ఎవరు? మీరే. పడే అవకాశం ఎక్కువ ఉన్నదీ మీకే. కాబట్టి ఒక బకెట్ కట్టిన ఫెండర్‌ని (రేవు గోడకి పడవ రాసుకోకుండా పక్కన వేలాడదీసే బుంగ) నీళ్లలోకి విసిరి, "అది నేను, ఇక నేను మాట్లాడను" అని చెప్పి కూర్చోండి. ఒకరు గట్టిగా కేకపెట్టి ఆ ఫెండర్ వైపు చేయి చాపి నిలబడాలి, ఏమైనా సరే దాని మీంచి చూపు తిప్పకూడదు. 6 నాట్ల వేగంలో పడవ సెకనుకి మూడు మీటర్లు పోతుంది, నిమిషానికి 185 మీటర్లు. కెరటాల మధ్య కొబ్బరికాయంత తల అంత దూరంలో ఒక్కసారి కనుమరుగైతే మళ్లీ దొరకడం కష్టం. ఇంకొకరు తేలే సాధనం విసరాలి, జీపీఎస్‌లో ఆ చోటు గుర్తు నొక్కాలి. మూడో మనిషి పడవని గాలికి ఎదురు తిప్పి ఆపాలి. ఇంజన్ వేసేముందు తాళ్లేవీ నీళ్లలో వేలాడటం లేదని చూసుకోవాలి. లేకపోతే తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుని పడవే ఆగిపోతుంది.

మొదటిసారి ఘోరంగా వస్తుంది. పగలు నాలుగు సార్లు చేయండి, చీకట్లో ఒకసారి. అయినా పడవని మనిషి దగ్గరికి తేవడం సగం పనే. ఆ ఫెండర్‌ని కొక్కెంతో అందుకుని పైకి లాగేస్తారు, తడిసిన బట్టలతో ఉన్న మనిషిని అలా లాగలేరు. ఇది లంగరు వేసిన చోట, నిశ్చలంగా ఉన్న నీళ్లలో, లైఫ్ జాకెట్ తొడుక్కుని మీరే దిగి చేయించండి. ఆ భార్యాభర్తల్లో ఆవిడ ఒక్కతే తెరచాప ఎత్తే తాడుని మీ జాకెట్ కొక్కేనికి తగిలించి, వించ్ (తాడు చుట్టి లాగే మర) తిప్పి మిమ్మల్ని పైకి తేగలగాలి. తేలేకపోతే తాడు మార్చి, వించ్ మార్చి, తేగలిగే పద్ధతి దొరికేదాకా ప్రయత్నించండి. చల్లటి నీళ్లలో పడ్డ మనిషికి మొదటి నిమిషం ఊపిరే అందదు. ఆ తర్వాత చేతులు మాట వినేది పది నిమిషాలు మాత్రమేనని శిక్షణలో చెబుతారు. అంటే మీరు కింది నుంచి సాయం చేస్తారన్న ఆశ పెట్టుకోకూడదు.

అసలు పడకుండా ఉండటమే దారి. ఎరిక్ తబర్లీ పేరు మీరు వినే ఉంటారు. ఒంటరిగా అట్లాంటిక్ దాటే పందెం 1964లోనూ 1976లోనూ గెలిచిన ఫ్రెంచి మహానావికుడు. 1998 జూన్‌లో ఒక రాత్రి, వేల్స్ దగ్గర సముద్రంలో, తన సొంత పడవ పెన్ డ్యూయిక్ మీద తెరచాప మారుస్తుండగా తెరచాప పైఅంచుకి ఉండే అడ్డకొయ్య తగిలి నీళ్లలో పడిపోయాడు. నడుముకి తాడు లేదు. పడవలో ఇంకా మనుషులున్నారు, అయినా ఆ చీకట్లో ఆయన వాళ్లకి దొరకలేదు. ఇది చెప్పి భయపెట్టమని కాదు. చీకటి పడ్డాక క్యాబిన్ మెట్ల మీద ఉండగానే టెథర్ (మనిషిని పడవకి కట్టి ఉంచే తాడు) తగిలించుకుని, ఆ తర్వాతే బయట కాలు పెట్టాలన్న నియమం మీకూ వర్తించాలి. "నేను ఒక్క నిమిషంలో వస్తా" అని మీరు తాడు లేకుండా వెళ్లారంటే, రెండో రాత్రికి వాళ్లూ వెళతారు.

పెద్దాయన విషయం. మీ ఇబ్బంది నాకు అర్థమైంది. వయసులో పెద్దవారు, అనుభవంలో పైన, మన నోట ఆజ్ఞ ఎలా వస్తుంది? కానీ ఈ మాట పడవ ఎక్కకముందే, మిగతావాళ్లు లేనప్పుడు, ఆయనతో కూర్చుని మాట్లాడండి. "మీకు నాకన్నా ఎక్కువ తెలుసు. తెరచాపల విషయం మీ చేతిలో పెడతాను. కానీ రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పుకోవాల్సింది నేనే కాబట్టి చివరి మాట నాది. నేను తప్పనిపిస్తే ముందు పని చేసి తర్వాత చెప్పండి, తప్పకుండా వింటాను." ఇంతే. నిజంగా సముద్రం తెలిసిన మనిషి దీనికి నొచ్చుకోడు. ఇన్నేళ్లలో ఆయన ఎంతమంది స్కిప్పర్ల కింద పనిచేశాడో గుర్తుంచుకోండి. నొచ్చుకుంటే మాత్రం మీకు ఒడ్డుమీదే సమాధానం దొరికినట్టు.

సముద్రం మీద ఆయన్ని రెండు చోట్ల చూడండి. పందేల మనిషి కాబట్టి తెరచాప కుదించడానికి మనసొప్పదు. పొద్దుగూకే ముందు, ఇంకా గాలి బాగానే ఉన్నప్పుడు, "రాత్రికి ఒక రీఫ్ వేద్దామండీ", అంటే తెరచాప కొంత మడిచి కడదామండీ, అనండి. గొణుక్కుంటూనైనా లేచి వేశారంటే మంచిదే. వాదించి, పావుగంట గడిపి, చివరికి మీరే లేచి వేసుకోవాల్సి వస్తే, అర్ధరాత్రి వానలో కూడా అంతే జరుగుతుంది. రెండోది, కొత్తవాళ్లు వించ్ దగ్గర తడబడుతున్నప్పుడు ఆయన చేతులు ఏం చేస్తున్నాయో చూడండి. బిగిసి ఉన్న తాడుని వదలాలంటే అరచేయి డ్రమ్ చుట్ల మీద ఆనించి, అంగుళం అంగుళం జారనివ్వాలి. వేలు చుట్ల మధ్యలోకి పోయిందా, నలిగిపోతుంది. ఆ అరచేయి ఎక్కడ ఆనించాలో పక్కన నిలబడి చూపించే పెద్దాయన అయితే మీ అదృష్టం. "తప్పుకోండి" అని తాడు చేతిలోంచి లాక్కునే మనిషయితే, ఆయన ఎంత నిపుణుడైనా మీ పడవలో పనిచేసేవాళ్లు ఇద్దరే మిగులుతారు. మిగతావాళ్లు తాడు ముట్టుకోవడమే మానేస్తారు.

భార్యాభర్తల్ని వేర్వేరు వాచ్‌ల్లో పెట్టండి. కలిసి ఉంటే ఒకరి లోటు ఒకరు కప్పేస్తారు, ఒకరు నిద్రపోతే ఇంకొకరు చెప్పరు. వికారంగా ఉందా, భయం వేసిందా, మళ్లీ రావాలనుందా అని ఇద్దరినీ విడివిడిగా అడగండి. ఆవిడని అడిగితే ఆయన జవాబు చెప్పనివ్వకండి. ఒకరు మానుకుంటే ఇద్దరూ మానుకుంటారన్న సంగతి ముందే లెక్కలో పెట్టుకోవాలి. అప్పుడు మిగిలేది మీరూ పెద్దాయనా. ఇద్దరితో ఆ 1,100 మైళ్లు వెళతారా, వాయిదా వేస్తారా అన్నది ఇప్పుడే, ఎవరి ముఖాలూ ఎదురుగా లేనప్పుడు నిర్ణయించుకోండి.

వాంతులు చేసుకున్నవాళ్లని అందుకే వద్దనకండి. బ్రిటిష్ నౌకాదళ వీరుడు అడ్మిరల్ నెల్సన్‌కే జీవితమంతా సముద్రం పడేది కాదు. దాచిపెట్టడం మాత్రం ప్రమాదం. బకెట్ పక్కన పెట్టుకుని, తాడు తగిలించుకుని, గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగుతూ తన వాచ్ తాను చేసే మనిషి మీకు కావాలి. మందు ఏది వాడినా బయల్దేరకముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర లోపల నిలవదు. చాలా మందులకి మగత వస్తుంది కాబట్టి మొదటిసారి ఒడ్డుమీద ఒకరోజు వేసుకుని చూడమనండి. రోజూ వాడే మందులు, అలర్జీలు, పాత జబ్బులు ఒక కవరులో రాసి మీకు ఇమ్మని అడగండి, మీదీ రాసి వాళ్లకి ఇవ్వండి.

గాలి విషయంలో ఆశపడి మరీ ప్రశాంతమైన రోజులు ఎంచుకోవద్దు, తుపాను హెచ్చరికల్లోకీ వెళ్లొద్దు. 15 నుంచి 20 నాట్ల గాలి మంచిది. పడవ పక్కకి వాలి, కింద నిలబడి వంట చేయడం కష్టమవ్వాలి. వాలుగాలికి కొన్ని గంటల్లో చేరగల రేవు ఒకటి ఎప్పుడూ ఉండేలా దారి గీసుకోండి. ముందు రోజు రాత్రి అందరూ పడవలోనే పడుకోవాలి. నిప్పు ఆర్పే సిలిండర్లు, అడుగున నీటి వాల్వులు, గ్యాస్ మీట ఎక్కడున్నాయో చేతికి చీకట్లో కూడా తెలియాలి. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పడవ అడుగున చేరి కూర్చుంటుంది. అందుకే వంట కాగానే మీట కట్టేయడం అందరికీ అలవాటు కావాలి. టాయిలెట్ పంపు ఎలా కొట్టాలో సిగ్గుపడకుండా ఒక్కొక్కరితో చేయించండి, ప్రయాణాల్లో అన్నిటికన్నా ముందు పాడయ్యేది అదే. ఒక వాచ్ మొత్తం ఆటోపైలట్ ఆపేసి చేత్తో నడిపించండి. తాగడానికీ వంటకీ రెండు రోజుల్లో ఎన్ని నీళ్లు ఖర్చయ్యాయో కొలిస్తే తొమ్మిది రోజుల లెక్క తేలుతుంది. బీమా కాగితం తీసి రాత్రి ప్రయాణానికీ, అంత దూరానికీ, కొత్త మనుషులకీ వర్తిస్తుందో లేదో చదవండి.

ఒక పూట పడవ పూర్తిగా వాళ్లకి అప్పగించండి. "నాకు కాలు విరిగింది, పడకలో ఉన్నాను. మీరే రేవుకి తీసుకెళ్లాలి." ఎక్కడున్నామో కాగితం చార్ట్ మీద ముగ్గురిలో ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టగలగాలి. వీహెచ్ఎఫ్ రేడియో ఆపేసి ఉంచి, 16వ ఛానెల్ మీద ఆపద పిలుపు ఎలా చెప్పాలో చదివించండి: మేడే మూడుసార్లు, పడవ పేరు మూడుసార్లు, ఉన్న చోటు, జరిగిన ప్రమాదం, మనుషుల సంఖ్య. లైఫ్‌రాఫ్ట్ (ఆపదలో గాలి నింపుకుని ఎక్కే తెప్ప) ఎలా తెరవాలో చెప్పేటప్పుడే ఎప్పుడు తెరవకూడదో కూడా చెప్పండి. 1979లో బ్రిటన్ దగ్గర సముద్రంలో జరిగిన ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెంలో తుపానుకి జడిసి 24 పడవల్ని వదిలేసి దిగిపోయారు, వాటిలో మునిగినవి ఐదు. మిగతావి తేలుతూ దొరికాయి. ఆ పందెంలో 15 మంది నావికులు చనిపోయారు. పడవ కాళ్లకింద నిజంగా మునిగిపోతుంటే తప్ప దాన్ని వదలకూడదని అప్పట్నుంచీ అందరూ చెబుతున్నది అందుకే.

ఇంత అవసరమా అనిపిస్తే ఒకటి గుర్తుచేస్తాను. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా తారిణి పడవ మీద ఆరుగురు భారత నౌకాదళ మహిళలు భూమిని చుట్టివచ్చారు. అంత శిక్షణ ఉన్నవాళ్లు కూడా దానికి ముందు మాదేయి పడవ మీద 2016లో మారిషస్ దాకా, ఆ తర్వాత కేప్‌టౌన్ దాకా వెళ్లి చూసుకున్నారు. ఎవరు ఎప్పుడు అలసిపోతారో, ఎవరు మాట్లాడటం మానేస్తే దాని అర్థం ఏమిటో సముద్రం మీద కలిసి ఉంటేనే తెలుస్తుంది.

ఇక వద్దని చెప్పడం. బయల్దేరకముందే నలుగురూ ఒక ఒప్పందానికి రండి: తిరిగొచ్చిన మూడు రోజుల్లో ఎవరైనా, కారణం చెప్పకుండా, "నేను రావడం లేదు" అనొచ్చు. అలాగే స్కిప్పర్ కూడా "ఈసారి వద్దు" అనొచ్చు. ఎవరూ ఎవరినీ నిలదీయకూడదు. ఈ మాట ముందే ఉంటే తర్వాత చెప్పడం సగం తేలికవుతుంది. రేవులో దిగగానే చెప్పకండి. అందరూ అలసిపోయి ఉంటారు, మీరూ అంతే. ఒక రాత్రి నిద్రపోయి, మర్నాడు మీరే స్వయంగా ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టొద్దు, ఇంకొకరితో చెప్పించొద్దు. "నాకు రెండో రాత్రి నిద్ర పట్టలేదండీ. ఆ లోటు మీలోనా నాలోనా తేల్చలేను, కానీ తొమ్మిది రోజులు అలా నడపలేను." ఇది నిజం, ఇందులో అవతలి మనిషిని కించపరిచే మాట ఒక్కటీ లేదు. తప్పులు ఏకరువు పెట్టొద్దు. వాళ్లు అడిగితే ఒక్కటి చెప్పండి, మీరు కళ్లారా చూసింది, సరిదిద్దుకోగలిగింది.

వాళ్లు మిమ్మల్ని వద్దనే అవకాశమూ ఉంది. పద్నాలుగేళ్లు భార్యతోనే నడిపారంటే, మీ ఇద్దరి మధ్యా సగం పనులు మాటల్లేకుండానే జరిగిపోయి ఉంటాయి. ఆ కనుసైగలు ఈ ముగ్గురికీ తెలియవు. చెప్పకుండానే జరగాలని మీరు ఎదురుచూసి, జరగకపోతే విసుక్కుంటారు. ఏం చేయాలో పూర్తి వాక్యంలో, పేరు పెట్టి పిలిచి చెప్పడం, వాళ్లు దాన్ని తిరిగి పలికేదాకా ఆగడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. మీరు ఎప్పుడు గొంతు పెంచుతారో, దేనికి మౌనంగా ఉండిపోతారో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మోకాలి వల్ల ఇంట్లోనే ఉంటారు కదా, ఒక సాయంత్రం ముగ్గురినీ ఇంటికి పిలిచి, మీరు కాసేపు పక్కకి తప్పుకుని, ఆవిడతో మాట్లాడనివ్వండి. ఆ శనివారం చేయదలచుకున్న పని ఇదే చేయండి. ఆవిడ మాట్లాడాక కూడా ముగ్గురూ వస్తామంటే, అప్పుడు 48 గంటలకి తేదీ పెట్టుకోండి.